పంటికింద చిటికెడు తంబాకు

ఆమె రెండు చేతుల బొటనవేళ్ళను కలిపి కట్టిన దారం బీడీలకు కట్టే దారమే. సన్నని గులాబీరంగు నూలు. పోయినవాళ్ళ చేతులు విడిపోకుండా వేళ్ళకు దారం కట్టడం మా వైపు పద్ధతి. అది తెల్లదారమే అయి ఉండాలన్న నియమం ఉన్నట్టు నేనెక్కడా వినలేదు. ఆ ఇంట్లో తొందరలో చేతికి అందేది ఆ దారమొక్కటే. జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో వచ్చి, చెప్పులు విప్పి, గుమ్మం దగ్గర నిలబడి నేను మొదట చూసింది దాన్ని. తరవాత వేళ్ళను చూశాను. ఆ వేళ్ళు ఊరికే ఉండగా చూడడం అదే మొదటిసారి.

ఎలా పోయిందని అడిగితే ముగ్గురు మూడు కారణాలు చెప్పారు. మూడూ నిజం కాకపోయే అవకాశం ఉంది. దుఃఖంగా ఉందా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మత్తుమందు ఇచ్చిన చిగురును వేలితో తాకితే, తాకినట్టు తెలుస్తుంది గానీ మరేమీ తెలియదు. దాదాపు అలా ఉంది.

ఆమె ఒకప్పుడు మా ఇంటి యజమానురాలు. నా భర్తకు మెట్‌పల్లిలో బ్యాంకు ఉద్యోగం, నాకు జగిత్యాలలో ఒక డిగ్రీ కళాశాలలో జీవరసాయనశాస్త్రం చెప్పే పని. రెంటికీ మధ్యలో ఉంటుందని కోరుట్లలో ఆమె ఇంటి మేడమీద అద్దెకు దిగాం. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు దుబాయిలో ఒక కొడుకు, సిరిసిల్లలో ఒక కూతురు ఉన్నారు. ఆమె జీవితకథ నాకు ఇంతకంటే పెద్దగా తెలియదు. తెలిసినట్టు రాయను.

కింద వాకిట్లో గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చునేది. చాటలో ఒకపక్క తంబాకు, మరోపక్క కొలతకు కత్తిరించి తడిగుడ్డలో చుట్టిన తునికాకులు. ఆకు మీద చిటికెడు తంబాకు పరిచి, వేళ్ళ మధ్య ఒక్కసారి దొర్లించి, కొన మడిచి, దారం చుట్టి పళ్ళతో తెంపేది. చూపు బీడీ మీద ఉండేది కాదు, వీధి మీద ఉండేది. చాట లేనప్పుడు కూడా, పెళ్ళిపందిట్లోనో ఆసుపత్రి బెంచీ మీదో కూర్చున్నప్పుడు, ఆ వేళ్ళు కొంగు అంచును దొర్లిస్తూనే ఉండేవి. నిద్రలోనూ అంతేనని కూతురు అనేది. నేను నిద్రలో చూడలేదు కాబట్టి దాన్ని కూతురి మాటగానే ఉంచుతున్నాను.

ఎవరైనా ఏదైనా అడిగితే ఆమె వెంటనే జవాబిచ్చేది కాదు. ఆ మౌనం వల్ల వాడకట్టులో ఆమెకు ఆలోచించి మాట్లాడే మనిషన్న పేరు వచ్చింది. కొన్నాళ్ళు గమనించాక కారణం అర్థమైంది. దారం పళ్ళ మధ్య ఉన్నంతసేపు నోటినుంచి మాట రాదు. అంతకుమించి అందులో ఆలోచన ఉన్నట్టు నాకు దాఖలా దొరకలేదు.

దారం తెగాక వచ్చే మాటలో మాత్రం సందేహానికి చోటుండేది కాదు. కుడిపక్కకు ఒత్తిగిలి లేచే గర్భిణికి మగపిల్లవాడు. వాంతులు విపరీతమైతే ఆడపిల్ల. పొద్దున వచ్చే వాంతి కడుపులో బిడ్డది, సాయంత్రం వచ్చేది దిష్టిది. ప్రతి తీర్పు చివరా "రాసిపెట్టుకో" అనేది. చదువుకున్నదాన్ని కాబట్టి నాతో మరీ ఎక్కువగా అనేది. నేను వీటిని నవ్వి వదిలేయలేదు, విడివిడిగా పరిశీలించాను. ఆడపిల్లను మోసేటప్పుడు వికారం కొంచెం ఎక్కువగా ఉండవచ్చునన్న మాటకు ఎంతో కొంత ఆధారం ఉంది. అయితే ఆ తేడా ఒక మనిషిని చూసి జోస్యం చెప్పడానికి పనికిరానంత చిన్నది. మిగిలినవాటికి వాడకట్టులో సాక్షులు చాలామంది ఉన్నారు గానీ, తప్పిన సందర్భాలను ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

నాకు వేవిళ్ళు మొదలైన సంగతి నా భర్త కంటే ముందు ఆమెకే తెలిసింది. ఇందులో దివ్యదృష్టి ఏమీ లేదు. రోజూ ఆమెను దాటుకుని బస్సుకు వెళ్ళేదాన్ని ఆనాడు మెట్ల మీదే ఆగి కొంగుతో ముక్కు మూసుకున్నాను. తడి తునికాకు వాసన, తంబాకు ఘాటు కలిసి కడుపులోనుంచి అంతా పైకి తోశాయి. ఆమె దారం తెంపింది.

"ఎన్నో నెల బిడ్డా?"

రెండోది అన్నాను. ఆమె చాట ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నేను బస్సుకు వెళ్ళేదాకా వాకిట్లో కూర్చోలేదు. పెరట్లో వెలుతురు తక్కువ, పని మందకొడిగా సాగేది. ఆ విషయం మా ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు.

నా వాంతులు ఆమె సిద్ధాంతాన్ని గౌరవించలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అన్న తేడా లేకుండా వచ్చేవి. నిజానికి చాలామందికి అంతే. అయితే సాయంత్రపు వాంతులు ఆమెకు ఆందోళన కలిగించాయి. ఒకనాడు గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని మేడమీదికి వచ్చి, నా చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసింది. మిరప ఘాటుకు నేను ఆ పూట అంతకు ముందెన్నడూ లేనంతగా వాంతి చేసుకున్నాను. ఆమె నా వీపు రాస్తూ చాలా తృప్తిగా అంది.

"చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో."

వాంతి ఆగితే దిష్టి పోయినట్టు, ఎక్కువైతే దిష్టి బయటపడ్డట్టు. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని ఇలాంటి వాదాన్ని పరీక్షించడానికి మార్గం లేదని తరగతిలో చెప్పేటప్పుడు, పేరు తీయకుండా, నేను చాలా ఏళ్ళు ఈ ఉదాహరణనే వాడాను. విద్యార్థులు నవ్వేవారు.

అన్నీ తప్పులేనని అనలేను. మంచం దిగకముందే పొడిగా ఉన్నదేదైనా కొంచెం నమలమని చెప్పి, చిన్న డబ్బాలో జొన్నపేలాలు పోసి తలగడ పక్కన పెట్టింది. డాక్టరమ్మ కూడా దాదాపు అదే చెప్పింది. ఖాళీ కడుపుతో ఉండవద్దు, ఒకేసారి నిండా తినవద్దు, నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగాలి, పడని వాసనకు దూరంగా ఉండాలి. అల్లం కొందరికి కొంత మేలు చేస్తుందని కూడా ఆమె చెప్పింది. ఆ మాట వినగానే పెద్దమ్మ, అల్లం వేడి చేస్తుందని, కడుపు నిలవదని, నా చేతిలోని అల్లంటీ గ్లాసును తీసుకుని తానే తాగేసింది.

మూడో నెలలో పేలాలూ అల్లమూ రెండూ ఓడిపోయాయి. తాగిన నీళ్ళు కూడా కడుపులో నిలవడం మానేశాయి. మూత్రం ముదురు రంగుకు తిరిగి, లేస్తే కళ్ళు తిరిగేవి. వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి చూసి, ఎంత కక్కితే పిల్ల అంత గట్టిదని దీవించి వెళ్ళారు. అది దీవించవలసిన దశ కాదని నాకు తెలుసు. జగిత్యాలలో ఆసుపత్రిలో చేరి సెలైను ఎక్కించుకున్నాను. పడుకోబోయే ముందు వేసుకోవడానికి బి-సిక్స్ విటమిను కలిసిన మాత్ర రాసిచ్చారు. దానితో పూర్తిగా పోలేదు గానీ, బతకడానికి వీలైనంత తగ్గింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మరునాడు మధ్యాహ్నం పెద్దమ్మ చాటతో సహా మేడమీదికి వచ్చింది. గుమ్మానికి బయటే కూర్చుని, నా మొహం కొంతసేపు చూసి, చాటలోనుంచి చిటికెడు తంబాకు తీసి నా వైపు చాపింది.

"సీసలెక్కిచ్చుకునుడు మా కాలంల యాడుండె బిడ్డా. ఇంత పంటికింద పెట్టుకో. ఓకరింపు యాడికాడ ఆగుతది. రాసిపెట్టుకో."

నువ్వు పెట్టుకున్నావా అని అడిగాను. మూడు కాన్పులకూ పెట్టుకున్నానంది. బీడీలు చేసే ఇళ్ళలో చాలామంది అలాగే చేస్తారట. పొద్దంతా తంబాకు మధ్యే కూర్చునేవాళ్ళకు వికారం వస్తే, చేతికి దగ్గరగా ఉన్న మందు అదే. పిల్లలు కొంచెం చిన్నగా పుడతారు, అదీ మేలే, కాన్పు తేలికవుతుంది అంది. సిరిసిల్లలో ఉన్న కూతురుకు కూడా అప్పుడే నెల తప్పి ఉంది. ఆ అమ్మాయి మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పనికి వెళ్తూ, అక్కడి గంజి వాసనకు రోజూ వాంతి చేసుకునేది. తంబాకును తునికాకులో పొట్లం కట్టి తానే బస్సులో తీసుకుపోయి ఇచ్చి వచ్చానని పెద్దమ్మ చెప్పింది. దానితో గుణం కనిపించిందని కూడా చెప్పింది.

"మొన్న ఫోన్ల అడిగిన. తగ్గినయే అమ్మా అన్నది."

అప్పటికి నేను మాట్లాడే ఓపిక లేని మనిషిని. అయినా చెప్పాను. పంటికింద పెట్టిన తంబాకు సారం చిగుళ్ళ గుండా నెత్తురులో కలుస్తుందని, అక్కడినుంచి బిడ్డకు చేరుతుందని, పిల్లలు చిన్నగా పుట్టేది అందువల్లేనని చెప్పాను. చిన్నగా పుట్టడం మేలు కాదు, నెలలు నిండకముందే పుట్టవచ్చు, పుట్టినా బతకకపోవచ్చు అన్నాను. బీడీలు చుట్టే చేతుల గుండా కూడా కొంత చేరుతుందంటారు. ఎంత చేరుతుందో నాకు నిశ్చయంగా తెలియదు కాబట్టి ఆ మాట ఎత్తలేదు. సిరిసిల్లలో ఆ అమ్మాయి వెంటనే మానేయాలన్నాను.

ఆమె ఒక బీడీ పూర్తి చేసింది. ఇంకొకటి పూర్తి చేసింది. మూడోదానికి దారం చుట్టి, తెంపకుండా పట్టుకుంది.

"నా మొదటిది ఆడపొల్ల. ఎనిమిదో నెలల పుట్టింది. అరచెయ్యంత ఉండె. పురుడు గూడ కాకముందే పోయింది."

దారం కొస ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"గది నావల్లనే పోయిందా?"

ఈ ప్రశ్నకు శాస్త్రం దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. తంబాకు వాడే వేలమందిలో ఇలాంటి మరణాలు ఎక్కువని చెప్పగలం. ఆ వేలమందిలో ఫలానా తల్లి, ఫలానా బిడ్డ సంగతి చెప్పలేం. తంబాకు జోలికి పోనివాళ్ళకూ నెలలు తక్కువ పిల్లలు పుడతారు. ఆ పసిగుడ్డును తూచినవారు లేరు, పరీక్షించినవారు లేరు. నా వృత్తిలో ఇది ప్రాథమిక పాఠం.

"చెప్పలేం పెద్దమ్మా."

"చెప్పరాదా, నువ్వు చెప్తలేవా?"

"ఎవ్వరికీ చెప్పరాదు. చెప్పడం ఎవరివల్లా కాదు."

ఆమె నా మొహంలోకి చూసింది. మాట్లాడేటప్పుడు ఆమె మనిషిని అంత నేరుగా చూడడం నాకు అలవాటు లేదు. తరవాత దారం పళ్ళతో తెంపి, చాట ఎత్తుకుని దిగిపోయింది.

మరునాడు ఆమె వాకిట్లో లేదు, పెరట్లోనూ లేదు. తలుపుకు తాళం ఉంది. సిరిసిల్ల బస్సెక్కడం చూశామని పక్కింటివాళ్ళు చెప్పారు. సాయంత్రానికి తిరిగివచ్చి, మెట్ల కిందనుంచే, పొట్లం ఒడిసిపోయిందట అని ఒక్క మాట చెప్పి లోపలికి వెళ్ళింది. ఇచ్చినదంతా కూతురు వాడేసిందన్నమాట. ఇకమీదట వద్దని చెప్పావు కదా, అదే ముఖ్యం అన్నాను. ఆమె వినే ఉంటుంది.

ఆ తరవాత ఆమెలో వచ్చిన మార్పును నేను ఊహించి రాయడం లేదు, చూసి రాస్తున్నాను. కాన్పుల నాటినుంచీ ఉన్న, తంబాకు పంటికింద పెట్టుకునే అలవాటు మానేసిందని కూతురు అంటుంది. అది నేను ధ్రువపరచలేను. బీడీలు చేయడం మానలేదు, మానడానికి ఇంకొక పని లేదు. మానేసింది "రాసిపెట్టుకో" అన్న మాట. ఎంతగా గమనించినా ఆ మాట ఆమె నోట మళ్ళీ వినలేదు.

నాకు కొడుకు పుట్టాడు. మొదట్లో నా వాంతులు చూసి ఆడపిల్లేనని తీర్పు చెప్పింది ఆమే కాబట్టి, ఈ తప్పును ఎలా సమర్థించుకుంటుందోనని నాకు కొంత కుతూహలం ఉండేది. పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, గుడ్డ తొలగించి చూసి, మళ్ళీ కప్పింది. ఏమంటావు పెద్దమ్మా అని నేనే కదిలించాను.

"ఏమంట? చెప్పరాదన్నవు గదా."

ఎత్తిపొడుపు కాదు. సంతోషమూ కాదు.

మరికొన్ని వారాలకు సిరిసిల్లలో కూతురు ప్రసవించింది. నెలలు నిండాయి గానీ ఆడపిల్ల తూకం తక్కువగా పుట్టింది. ఆ తల్లికి నెత్తురు తక్కువ, తిన్నది నిలిచింది తక్కువ, పొద్దంతా నిలబడి చేసే పని. తూకం తగ్గడానికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు. పెద్దమ్మ వెళ్ళి చూసి వచ్చింది. పిల్ల ఎలా ఉందని అడిగితే, చేతి వేళ్ళు ఎడంగా చాచి పొడవు చూపించింది. ఆ వేళ్ళు అలా చాచి ఉంచి, చాలాసేపు మడవలేదు. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఏం వస్తుందో ఆమెకు అప్పటికే తెలుసు.

మేము జగిత్యాలకు మారిపోయాక కూడా ఆ దారిన పోయినప్పుడల్లా దిగి పలకరించేదాన్ని. ఒకసారి వాకిట్లో ఆమె పక్కన ఆ వాడకట్టుకు కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతి చాట పట్టుకుని ఉంది. కడుపుతో ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. ఆ పిల్ల అలవాటుగా చిటికెడు తంబాకు నోటిదాకా తీసుకుపోతే పెద్దమ్మ చెయ్యి పట్టి ఆపింది. పెట్టుకుంటే ఏమైతది అత్తా, అని ఆ పిల్ల అడిగింది.

"ఏమైతదో చెప్పరాదట. గందుకే వద్దు."

ఆ పిల్ల నవ్వింది. ఇదివరకటి పెద్దమ్మ అయితే ఏమవుతుందో ఖరాఖండిగా చెప్పి ఉండేది. ఆ పిల్ల భయపడి ఉండేది కూడా. ఏ పద్ధతి ఎక్కువ పనిచేస్తుందో పోల్చి చూసే అవకాశం నాకు దొరకలేదు.

ఇదంతా నేను, ఆమె పోయిన రోజు, వాకిట్లో ఆమె వీపు ఆనించే గోడ పక్కన నిలబడి గుర్తు చేసుకుంటున్నప్పుడు సిరిసిల్ల కూతురు నా దగ్గరికి వచ్చింది. ఏడుపు అయిపోయిన మొహం. ఆమె కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. ఎత్తూ బరువూ ఆ వయసుకు తగినట్టే ఉన్నాయి. పిల్ల బాగుందని, వాళ్ళమ్మ ఆమెను చూసి సంతోషపడి ఉంటుందని నేను అనవలసిన మాట ఏదో అన్నాను.

"ఎక్కడ సంతోషపడ్డదక్కా. పిల్లకు జలుబు జేస్తే అమ్మ మొఖం మాడేది. నావల్లనే అనేది."

ఆ మాట దేని గురించో నాకు తెలుసు. అందుకని, ఆ తంబాకు వల్లనే అని ఖాయంగా ఎవరూ అనలేరని మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే తల అడ్డంగా ఊపింది.

"నేను గది ఒక్కనాడు గూడ పెట్టుకోలే అక్కా."

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. పొట్లం విప్పగానే వాసనకు కడుపులో తిప్పిందట. అదే రోజు తీసి ఇంటి ముందు పారే మోరీలో పడేసిందట. తల్లి ఫోన్ చేసి అడిగితే తగ్గిందని అబద్ధం చెప్పింది. లేకపోతే ఇంకో పొట్లంతో మళ్ళీ బస్సెక్కుతుందని భయం. తల్లి స్వయంగా వచ్చి పొట్లం తిరిగి ఇవ్వమన్నప్పుడు, పారేశానని చెప్పడానికి మొహం చెల్లక, ఒడిసిపోయిందని ఇంకో అబద్ధం చెప్పింది. పిల్ల చిన్నగా పుట్టాక చెప్పేయాలనుకుంది. అప్పటికి రెండు అబద్ధాలయ్యాయి. రోజులు గడిచాయి, నోరు రాలేదు.

తంబాకుకు గుణముందనడానికి పెద్దమ్మ నాకు చూపిన ఏకైక రుజువు, తన మనవరాలికి తానే కీడు చేశాననడానికి ఆమె తనకు తాను చూపుకున్న ఏకైక రుజువు, రెండూ తల్లిని నొప్పించకూడదని ఒక కూతురు ఆడిన మాటలే. నేను ఆనాడు చిగుళ్ళ గురించి, నెత్తురు గురించి, వేలమంది తల్లుల గురించి చెప్పాను. అమ్మాయి నిజంగా వాడిందా అన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఆ ఇంట్లో ఎవరికీ తట్టి ఉండదు.

"అప్పుడే చెప్తే అమ్మ నిమ్మలంగ ఉండునా అక్కా?"

మొదటి బిడ్డ సంగతి అలాగే మిగిలేది. రెండోది, మనవరాలి సంగతి, ఆమె మీదనుంచి దిగిపోయేది. లేదా కూతురు చెప్పిన నిజాన్ని కూడా తనను ఊరడించే మాటగానే తీసుకునేదేమో. ఏది జరిగి ఉండేదో తేల్చడానికి ఇప్పుడు మార్గం లేదు.

"చెప్పలేం" అన్నాను.

ఆమె తల ఊపింది. అలవాటైన మాట విన్నట్టు ఊపింది.

"అమ్మ గూడ గదే అంటుండె."

స్నానం చేయించడానికి నీళ్ళు కాగాయని లోపలినుంచి ఎవరో పెద్దావిడ పిలిచింది. చేతుల కట్టు విప్పమంది. ముడి బిగుసుకుపోయి రాలేదు. కూతురు చుట్టూ చూసి, గూట్లో ఉన్న ఆకులు కత్తిరించే కత్తెర తెచ్చి, దారం కింద దూర్చి, ఒక్కసారి నొక్కింది.

చేతులు కొద్దిగా విడిపోయి చాపమీద ఒరిగాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, ఏదో పట్టుకునేంత సందు మాత్రం మిగిలింది. ఆ వేళ్ళు ఇక కదలవని నాకు తెలుసు. అయినా చూస్తూ నిలబడ్డాను.